పినాంగ్ దాకా బై టూ

మలేషియా ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఫొటోల్లో కనిపించే ఆ జంట భవనాలు కాదు, ఒక నీలం రంగు ప్లాస్టిక్ బకెట్. నడిసముద్రంలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నా వైభవం గురించి తర్వాత చెప్తాను. ముందు అంత దూరం ఎందుకు వెళ్ళానో చెప్పాలి. అందరూ విదేశం వెళ్ళేది ఊళ్ళు చూడ్డానికి. నేను వెళ్ళింది పెళ్ళికూతుర్ని చూడ్డానికి. అది కూడా ఆ పెళ్ళికూతుర్నే పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళాను.

అది రెండు వేల తొమ్మిది. నేనూ నిర్మలా ఎం.సి.ఏ. ఆఖరి పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాం. ఉద్యోగం ఇచ్చిన కంపెనీలు కూడా మేం పిలిచేదాకా ఇంట్లోనే ఉండండి అంటున్న కాలం. మాది యలహంక. తాతల నాటి నుంచి అక్కడే ఉన్నవాళ్ళం కాబట్టి మా తెలుగులో సగం కన్నడం. నిర్మల వాళ్ళు ఒంగోలు వైపు నుంచి వచ్చి బొమ్మనహళ్ళిలో స్థిరపడ్డారు. వాళ్ళమ్మ నర్సు, నాన్న స్కూలు మాస్టారు. రెండు కుటుంబాలూ చర్చికి వెళ్ళేవే గానీ, వాళ్ళ చర్చి ఊరికి ఆ కొసన, మాది ఈ కొసన.

మా అన్న పేరు శామ్యూల్. ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద మెషీన్లని దారికి తెస్తాడు గానీ మనుషులతో రెండు మాటలు మాట్లాడాలంటే చెమటలు పడతాయి. నిర్మల ప్రాజెక్టు పని మీద మా ఇంటికి వచ్చిన ప్రతి ఆదివారం వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో కూర్చుని నిన్నటి పేపరు చదివేవాడు. ఒకసారి తిరగేసి పట్టుకున్నాడు కూడా. మా అమ్మ కళ్ళకి అది చాలు. పాస్టరు గారి ద్వారా బొమ్మనహళ్ళికి మాట పంపింది. వాళ్ళు అవుననలేదు, కాదనలేదు, అమ్మాయిని అడిగి చెప్తామన్నారు.

సరిగ్గా అప్పుడే మలేషియాలోని పినాంగ్‌లో నర్సుగా పనిచేస్తున్న నిర్మల పిన్ని, సెలవులు కదా ఓ పది రోజులు వచ్చి పొమ్మని ఫోను చేసింది. తోడుకి నిర్మల నన్ను పిలిచింది. వద్దంటుందనుకున్న మా అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"పోయి రా. పది దినాలు ఒకే కూడు తింటారు, ఒకే తావ పండుకుంటారు. పిల్ల ఎట్లా ఉండాదో చూసుకోని రా. నవ్వినప్పుడు కాదే, అలిసిపోయినప్పుడు ఎట్లా మాట్లాడతాదో చూడు. నీకి సరి అనిపిస్తేనే మేం ఇంగో మాట అడిగేది. ఆడబిడ్డవి, నీకి తెలీకుంటే ఇంగెవరికి తెలుస్తాది?"

అప్పటిదాకా మా ఇంట్లో నా అభిప్రాయం ఎవరూ అడిగింది లేదు. కూరలో ఉప్పు గురించి కూడా అడగరు. అలాంటిది ఒక్కసారిగా జడ్జీని చేసేసరికి నా నడకే మారిపోయింది. నిర్మలకి ఏ విషయానికి ఎన్ని మార్కులు వేయాలో బస్సెక్కక ముందే మనసులో నిర్ణయించుకున్నాను.

గ్లాసు ఒకటి, స్ట్రాలు రెండు

బెంగళూరు నుంచి తిరుచ్చికి బస్సు, తిరుచ్చి నుంచి కౌలాలంపూరుకి చౌక విమానం. అందులో మంచినీళ్ళు కూడా కొనుక్కోవాలని తెలిసి, అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం పొట్లం విప్పాను. ఇంగువ వాసనకి మా ముందు వరసా వెనక వరసా తిరిగి చూశాయి. నిర్మల, నాకూ ఈమెకీ సంబంధం లేదన్నట్టు కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ కూర్చుంది. మొహమాటం ఎక్కువ అని ఒక మార్కు తగ్గించాను. కాసేపటికి సగం చిత్రాన్నం తనే తిన్నది. అయినా ఆ మార్కు తిరిగి ఇవ్వలేదు.

కౌలాలంపూరులో పుదురాయ బస్టాండుకి చేరాక విదేశం వచ్చినట్టే అనిపించలేదు, మా బెంగళూరు కలాసిపాళ్యం బస్టాండులో దిగినట్టుంది. అదే పొగ, అదే ఉక్క, చెయ్యి పట్టుకుని లాగుతూ ఊళ్ళ పేర్లు అరిచే టికెట్ల మనుషులు. పినాంగ్‌కి ఎదురు ఒడ్డున ఉండే బటర్‌వర్త్‌కి వెళ్ళే బస్సుకి ఇంకా టైముందని బయట ఒక టీ అంగట్లో కూర్చున్నాం. తెల్ల టోపీ పెట్టుకున్న అంగడాయన తమిళం మాట్లాడుతున్నాడు. అక్కడి టీని తే తారిక్ అంటారు. ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి బారెడు ఎత్తు నుంచి పోసి నురగ తేలుస్తారు. ధర చూస్తే రింగిట్టు పైచిలుకు, అంటే మన పదిహేను రూపాయల పైమాటే. ఆ డబ్బుతో యలహంకలో ఇద్దరం కాఫీ తాగి వడ కూడా తినేవాళ్ళం.

నేను నా యలహంక తమిళంలో ధీమాగా చెప్పాను. "అన్నా, ఒక టీ, బై టూ."

బెంగళూరు ఎరగని వాళ్ళకి చెప్పాలి. మా ఊళ్ళో ఏ హోటల్లోనైనా ఒక కాఫీ అడిగి బై టూ అంటే రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇస్తారు. లక్షాధికారులు కూడా అలా అడుగుతారు. అది పిసినారితనం కిందికి రాదు. ప్రపంచమంతా ఇంతే అని నేను అనుకునేదాన్ని.

ఆయన ఒక టీ గ్లాసు తెచ్చి అందులో రెండు స్ట్రాలు వేసి మా మధ్య పెట్టాడు. సినిమాల్లో ప్రేమికులు కొబ్బరి బోండాం తాగినట్టు తాగుతామనుకున్నాడు కాబోలు. నిర్మల మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఖాళీ గ్లాసు ఒకటిస్తే మేమే పోసుకుంటామని చేతులతో అభినయించాను.

"ఇంకో టీ తాగితే మీ ఆస్తి ఏమైనా కరిగిపోతుందా అమ్మా?" అన్నాడాయన.

"ఆస్తి కాదన్నా, మా ఊళ్ళో ఇట్లే తాగుతారు."

ఆయన గ్లాసు తెచ్చిచ్చి ఊరుకోలేదు. నేను ఎలా పోస్తానో చూడమని పక్క బల్లల వాళ్ళని పిలిచాడు. నలుగురూ చూస్తుండగా పోస్తే ఒక గ్లాసులో ఎక్కువ పడింది. ఎక్కువున్నది నిర్మల వైపు తోసి, మిగిలింది నేను తీసుకుని, చాలలేదని గొణిగాను. నిర్మల గ్లాసు వంకా నా వంకా చూసి ఏదో అనబోయి ఊరుకుంది. మనసులో మాట చెప్పదు అని ఇంకో మార్కు తీసేశాను.

తాపా దగ్గర జామకాయలు

మలేషియా బస్సుల్లో సీట్లు మన సోఫాలంత వెడల్పు. ఏసీ మాత్రం మార్చురీలో పెట్టినట్టు ఉంటుంది. రెండు గంటలు గజగజలాడి, తాపా అనే ఊరి దగ్గర ఆపితే ఎండలోకి పరుగెత్తాను. అక్కడ పండ్ల అంగళ్ళు బారుగా ఉన్నాయి. చిన్నపిల్ల తలకాయంత జామకాయలు. గింజలు లేవు. ముక్కలు కోసి, పుల్లటి ఎర్రపొడి చల్లి ఇస్తారు.

"సలోమీ, వచ్చేయవే, బస్సు కదిలేట్టుంది," అని నిర్మల రెండుసార్లు పిలిచింది.

నాకు బస్సుల సంగతి తెలీదా? మన దగ్గర కండక్టరు తలలు లెక్కపెట్టందే విజిల్ వేస్తాడా? ఒకళ్ళు తగ్గినా బస్సు బస్సంతా వాళ్ళింకా రాలేదని కేకలు పెట్టదూ? దిగేటప్పుడు నేను డ్రైవరుకి ఐదు వేళ్ళు చూపించి మరీ వచ్చాను. అతను తల ఊపాడు. ఇంకేం కావాలి? ఆ దేశంలో ఆ బస్సుకి కండక్టరే లేడని నాకు తట్టలేదు. ఏ కాయ పెద్దదా అని ఎంచుతుండగా, మా బస్సు మా బ్యాగులతో సహా సద్దు చేయకుండా రోడ్డెక్కింది. దాని వెంట జామకాయ చేత్తో పట్టుకుని నేను పరుగెత్తిన దృశ్యం అక్కడి వాళ్ళు చాలా రోజులు చెప్పుకుని ఉంటారు.

"ఏటమ్మా, బస్సెల్లిపోనాదా?"

తెలుగు మాట వినపడేసరికి ఇద్దరం అక్కడే నిలబడిపోయాం. అడిగింది పండ్ల అంగడి ఆవిడ. అరవై దాటిన మనిషి, ప్యాంటు మీద పూల జాకెట్టు, తల మీద ఈత గంప లాంటి టోపీ. పేరు అప్పాయమ్మ. తాతల తాతలు విశాఖ వైపు నుంచి కొబ్బరి తోటల పనికి వచ్చారట. ఆవిడ ఆంధ్రా మొహం చూడలేదు. తెలుగు మాత్రం నిన్న పడవ దిగినట్టే ఉంది.

"కూకోండి ముందు. మూటలెక్కడికీ పోవు. నాను ఫోను సేస్తాను," అని రెండు పండ్ల పెట్టెలు బోర్లించి వేసింది. బస్సు కంపెనీకి ఫోను చేసి మలై భాషలో గట్టిగా మాట్లాడింది. తర్వాత మా వివరాలు అడిగింది. "మీదే జిల్లా?"

"బెంగళూరమ్మా."

"అది ఆంధ్రాలో ఉన్నాదా?"

లేదని చెప్తే, మరి తెలుగెలా వచ్చిందని ఆశ్చర్యపోయింది. మలేషియాలో జామకాయలు అమ్ముతూ ఆవిడ నన్నడిగింది ఆ ప్రశ్న.

బస్సు తప్పించిన పాపం పూర్తిగా నాది. అందుకని నిర్మల మీద అరిచాను. "నువ్వు గట్టిగా పిలవద్దా? మెల్లగా పిలిస్తే ఎవరికి వినపడతాది? రెక్క పట్టుకోని లాక్కోని పోవల్ల కదా!" నిర్మల ఎర్రపొడి అద్దుకుంటూ జామ ముక్క తింటూ కూర్చుంది. ఒక్క మాట ఎదురనలేదు. ఓపిక పర్వాలేదు అని మార్కులు వేశాను. నా ప్రవర్తనకి మార్కులు వేసే పని ఆ రోజు ఎవరిదో నాకు తెలీదు.

"మీరు అప్పసెల్లెల్లా?" అంది అప్పాయమ్మ.

"కాదమ్మా, స్నేహితులం," అన్నాను.

"ఏమవుతామో ఇంకా తేలలేదండీ," అంది నిర్మల నవ్వుతూ. నేనూ నవ్వాను, విషయం అర్థం కాకుండానే.

మరో బస్సు రాగానే అప్పాయమ్మ దానికి అడ్డం నిలబడి, డ్రైవరుని మందలించి మమ్మల్ని ఎక్కించింది. జామకాయలకి డబ్బు ఇవ్వబోతే, "మా బాస మాటాడినారు, సాలు," అని చెయ్యి వెనక్కి నెట్టింది. బటర్‌వర్త్‌లో మా బ్యాగులు బస్సు కంపెనీ బల్ల కింద భద్రంగా కూర్చుని ఉన్నాయి.

పిన్ని ఇల్లు

బటర్‌వర్త్ నుంచి పినాంగ్ దీవికి పెద్ద ఫెర్రీ వెళ్తుంది. కింద అంతస్తులో కార్లు, పైన మనుషులు. పావుగంట ప్రయాణం. రింగిట్టు చిల్లరకి ఇంత సముద్రం చూపించారంటే నాకు నమ్మకం కలగలేదు. తిరిగి వచ్చేటప్పుడు టికెట్ ఉండదు, వెళ్ళేటప్పుడు తీసుకున్నదే చాలు అని మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన పిన్ని చెప్పింది. ఏ దేశంలోనైనా ఊరికే ఎవరు ఎక్కించుకుంటారు, పిన్ని పొరపాటు పడిందనుకున్నాను.

పిన్ని మంచి మనిషి. రాత్రి డ్యూటీ చేసొచ్చి కూడా మమ్మల్ని వీధి తిండికి తిప్పేది. లక్సా అని ఒకటి తినిపించింది. చేపల పులుసులో లావు సేమ్యాలు వేసినట్టు ఉంటుంది, పైన పుదీనా, అనాసపండు ముక్కలు. చేపల పులుసులో అనాసపండు ఏమిటని నేను గిన్నె పక్కకి నెట్టాను. రెండో రోజు నేనే ఆ వీధి వెతుక్కుంటూ వెళ్ళాను. అక్కడ చెంచా, చాప్‌స్టిక్స్ అనే పుల్లలూ తప్ప చేత్తో తినే అలవాటు లేదు. నా పుల్లల్లోంచి జారిన సేమ్యా ఎదుటి బల్ల చైనా పెద్దాయన చొక్కా మీద పడింది. ఆయన కోప్పడలేదు. లేచి వచ్చి, పుల్లలు ఎలా పట్టుకోవాలో నా వేళ్ళు వంచుతూ నేర్పి వెళ్ళాడు.

ఇదంతా జరుగుతున్నా నేను నా పని మరవలేదు. నిర్మల పొద్దున ఎన్నింటికి లేస్తుంది, పిన్నికి గిన్నెలు కడిగి పెడుతుందా, తడి తువ్వాలు మంచం మీద వేస్తుందా, అన్నీ చూశాను. తడి తువ్వాలు మంచం మీద వేసేది నేనే.

నీలం బకెట్

పినాంగ్ నుంచి లంకావి అనే దీవికి మూడు గంటల పడవ. టికెట్ అరవై రింగిట్లు. విమానం కాకుండా మా ప్రయాణం మొత్తంలో పెద్ద ఖర్చు అదే. పొద్దున్నే పిన్ని వాంతుల మాత్రలు ఇచ్చింది. నిర్మల వేసుకుంది.

"మాకు అట్లాంటివి అక్కర్లేదు పిన్నీ. ఊటీ ఘాట్ రోడ్డులో వెనక సీట్లో కూచోని మసాలా దోస తిన్నదాన్ని," అన్నాను.

నడి సముద్రం చేరేసరికి ఊటీ మసాలా దోస నుంచి నిన్నటి లక్సా దాకా అన్నీ గుర్తొచ్చాయి. పడవ ముందుకి పోవడం మానేసి పైకీ కిందికీ పోతోంది. ప్లాస్టిక్ సంచులు పంచే మనిషి నా దగ్గరికి మూడుసార్లు వచ్చి, నాలుగోసారి ఆ నీలం బకెట్ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. పడవ మొత్తానికి బకెట్ ఇచ్చింది నాకొక్కదానికే.

నిర్మల నా జుట్టు వెనక్కి పట్టుకుని, నుదురు ఒత్తుతూ, నీళ్ళు తాగిస్తూ అంతసేపూ నిలబడే ఉంది. తన బట్టల మీద పడినా మొహం చిట్లించలేదు. నా మనసు కరిగిపోయింది. బకెట్‌లోంచి తలెత్తి ఏడుస్తూ అనేశాను. "నిర్మలా, నీకి నూటికి నూరప్పా. మాయమ్మకి చెప్పేస్తా."

నోరు జారిందని తెలిసి మళ్ళీ బకెట్‌లోకి వంగాను.

"తెలుసులేవే," అంది నిర్మల.

"ఏం తెలుసు?"

"మీ అమ్మగారు నన్ను చూసి రమ్మని నిన్ను పంపించారని. మా అమ్మ కూడా నాకు అదే చెప్పింది."

"ఏమని?"

"మీ అన్నయ్య నాతో ఇంతవరకు పది మాటలు కూడా మాట్లాడలేదు. ఆయన ఎలాంటి మనిషో నాకేం తెలుస్తుంది? అందుకే మా అమ్మ, 'వాళ్ళ చెల్లిని తీసుకుని వెళ్ళిరావే. ఆ పిల్లతో పది రోజులుంటే ఆ ఇంట్లో ఎట్టా పెంచుతారో తెలిసిపోద్ది' అంది. తిరిగి వెళ్ళగానే అవునో కాదో చెప్పాలి."

అంటే తోడుకని పిలిచింది కాదు. పరీక్షకి పిలిచింది. నేను జడ్జీనని విర్రవీగుతున్న ఇన్ని రోజులూ నా జవాబు పత్రం ఆమె దిద్దుతూ ఉంది. చిత్రాన్నం, బస్సు, జామకాయలు, నా అరుపులు, తడి తువ్వాలు అన్నీ వరసగా కళ్ళ ముందుకి వచ్చాయి. ఆ తర్వాత బకెట్‌తో నాకు పడ్డ పని సముద్రం వల్ల కాదు.

లంకావిలో నా మర్యాదలు

లంకావి అందమైన చోటని అందరూ అంటారు. నేను చూళ్ళేదు. పడవ దిగిన దగ్గర్నుంచి నిర్మలకి మర్యాదలు చేయడంలో మునిగిపోయాను. ఆమె బ్యాగు నేను మోశాను. కిటికీ సీటు ఆమెకి. ఫ్యాను ఆమె వైపు. ఆమె జోకు వేయక ముందే నవ్వాను. పొద్దున్నే లేచి ఆమె చెప్పులకి అంటిన ఇసుక దులిపాను. గదిలో నా తువ్వాలుతో పాటు ఆమె తువ్వాలు కూడా ఆరేశాను.

ఒకటిన్నర రోజు ఓర్చుకుని, ఒడ్డున చేపల వేపుడు తింటుండగా నిర్మల పళ్ళెం కింద పెట్టింది.

"సలోమీ, నువ్వు ఇట్టా ఉంటే నాకు భయమేస్తోంది. నిన్నటిదాకా తిట్టావు చూడు, అదే నయం."

నేను వేపుడు పక్కన పెట్టి ఏడ్చాను. ఆ సందులో ఒక పిల్లి వచ్చి పెద్ద ముక్క పట్టుకుపోయింది. పిల్లి సంగతి పట్టించుకునే స్థితిలో నేను లేను.

"నన్ను చూసి మా అన్నని వద్దనొద్దప్పా. మాయింట్లో నేనొక్కదాన్నే ఇట్లా ఉండాను. వాడు నా మాదిరి కాదు. మంచోడు. నువ్వు వచ్చే ఆదివారాలకి చొక్కా శనివారమే ఇస్త్రీ చేసుకుంటాడు."

"నువ్వు చెల్లెలివి. మంచోడనే చెప్తావు కదా," అంది నిర్మల. కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నది.

నాకు నిజంగా భయం వేసింది. మా అన్న జీవితంలో నోరు తెరిచి ఏదీ కావాలని అడగలేదు. నిర్మల కావాలని కూడా అడగలేదు. అడగకుండానే వాడు ఇంతగా కోరుకున్నది ఒక్కటే, దాన్ని నేను నా నోటితో పోగొట్టేశానేమో అనిపించింది. ఆ రోజు సముద్రం ఏ రంగులో ఉందో కూడా నాకు గుర్తు లేదు.

టికెట్ లేని ఫెర్రీ

తిరుగు పడవలో మాత్ర వేసుకున్నాను. పినాంగ్‌లో పిన్నికి వీడ్కోలు చెప్పి బటర్‌వర్త్ వెళ్ళే ఫెర్రీ రేవుకి వచ్చాం. అక్కడ టికెట్ కౌంటరు కనిపించలేదు. జనం ఊరికే లోపలికి పోతున్నారు.

"పద, ఇటు వెళ్ళేటప్పుడు టికెట్ లేదని పిన్ని చెప్పింది కదా," అంది నిర్మల.

నేను కదల్లేదు. టికెట్ లేకుండా ఎక్కి పట్టుబడితే నిర్మల పరువు కూడా పోతుందని, అది మా ఇంటి పెంపకం కింద లెక్కకి వస్తుందని నా బెదురు. ఒక ఫెర్రీ వెళ్ళిపోయింది. రేవు ఉద్యోగి ఒకాయన్ని పట్టుకుని టికెట్ ఇవ్వమని ప్రాధేయపడ్డాను. అక్కర్లేదన్నాడు. కనీసం అక్కర్లేదని రాసివ్వమన్నాను. రెండో ఫెర్రీ కూడా వెళ్ళిపోయింది. దాంతో నిర్మలకి మొదటిసారి కోపం వచ్చింది.

"నీ మొండితనానికి ఒక దండం! నీకు ఎవరు చెప్పినా ఎక్కదా?"

"ఎక్కదు! మాయప్పకీ ఎక్కదు, మాయమ్మకీ ఎక్కదు. ఇష్టముంటే రా, లేకుంటే విడువు!"

ఇంక పోగొట్టుకోవడానికి ఏమీ లేదనుకున్నాక నోరు మళ్ళీ పాత దారిన పడింది. జగడమాడుకుంటూనే మూడో ఫెర్రీ ఎక్కాం. కోపంలో ఉన్నా దాహం వేసింది. రేవులో కొన్న చల్లటి కాఫీ నా చేతిలో ఉంది. అక్కడ కాఫీని ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతికి రబ్బరు బ్యాండు కట్టి, స్ట్రా గుచ్చి ఇస్తారు. ఖర్చు తగ్గుతుందని ఒకటే కొన్నాం. నా నీళ్ళ సీసా ఖాళీగా ఉంటే, సంచి విప్పి అందులోకి సగం వంపాను. సీసా నిర్మల వైపు తోసి, మొహం అటు తిప్పుకుని, సంచిలో మిగిలింది తాగాను.

నిర్మల సీసా పైకెత్తి చూసి నా వైపు తిరిగింది.

"ఒకటి అడుగుతాను, చెప్పు. మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. కోపంలో ఉన్నా, ఏడుస్తున్నా, ఏదైనా పంచితే ముందు నాకిచ్చి, మిగిలింది నువ్వు తీసుకుంటున్నావు. తక్కువొచ్చిందని గొణుగుతావు కూడా. కానీ మార్చుకోవు. ఎందుకు?"

నాకు ఆ సంగతే తెలీదు. ఊపిరి పీల్చడం గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్తాం?

"అది మా అన్న పెట్టిన రూలప్పా. చిన్నప్పుడు మాయప్ప జీతం దినం బేకరీ నుంచి కొబ్బరి పెట్టిన దిల్‌పసంద్ రొట్టె తెచ్చేవాడు, ఒకటే. కోసేటప్పుడు మేం కొట్టుకునేవాళ్ళం. పంచినోళ్ళు కడాకి తీసుకోవల్ల అన్నాడు అన్న. అప్పటి నుంచి అంతే."

"అయితే నువ్వు సరిసమానంగా కోసేదానివేమో."

"నేనా? నేను కోస్తే ఒక ముక్క పెద్దదే ఉంటాది. అయినా వాడు నన్నే ముందు తీసుకోమనేవాడు. కోసింది నేను, కడాకి తీసుకునేది వాడు. అట్లయితే రూలు ఏమైందిరా అని అడిగితే పేపరు అడ్డం పెట్టుకునేవాడు."

నిర్మల సీసాలో కాఫీ తాగుతూ బటర్‌వర్త్ వచ్చేదాకా నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. పెళ్ళి గురించి అడగాలనిపించింది గానీ, ఇంకోసారి నోరు తెరిచి ఉన్నది కూడా చెడగొట్టుకునే ధైర్యం లేకపోయింది. కౌలాలంపూరు బస్సులో తాపా దగ్గర ఆగినప్పుడు నేను సీటు దిగలేదు. నిర్మల ఒక్కతే దిగి అప్పాయమ్మని పలకరించి, పరుగున జామకాయలు పట్టుకొచ్చింది.

మెజెస్టిక్‌లో మూడు గ్లాసులు

తిరుచ్చి బస్సు బెంగళూరు మెజెస్టిక్ బస్టాండు చేరేసరికి తెల్లవారింది. ప్లాట్‌ఫారం మీద మా అన్న నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో. నిర్మల వాళ్ళ నాన్న వచ్చేదాకా కాఫీ తాగుదామని బస్టాండు ఎదురుగా ఉన్న దర్శినిలోకి వెళ్ళాం. అక్కడ కుర్చీలుండవు. గుండ్రటి రాతి బల్లల చుట్టూ నిలబడే తాగాలి. అన్న కౌంటర్లో కన్నడంలో టూ బై త్రీ అన్నాడు. అంటే రెండు కాఫీలు ముగ్గురికి. రద్దీలో వాళ్ళు పోసివ్వలేదు. రెండు నిండు గ్లాసులు, ఒక ఖాళీ గ్లాసు తెచ్చి పెట్టి పోయారు.

అన్న చెయ్యి చాపాడు. ఆ లోపలే నిర్మల గ్లాసులు తన వైపు లాక్కుంది. ఒకదాన్లోంచి కొంత, ఇంకోదాన్లోంచి కొంత ఖాళీ గ్లాసులోకి వంచింది. ఒకటి అన్న ముందు పెట్టింది. ఒకటి నా ముందు పెట్టింది. మిగిలింది తను తీసుకుంది. అందులో సగం కూడా లేదు.

అన్న ఆ గ్లాసు వంక చూశాడు. తర్వాత నిర్మల వంక చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ రూలు నిర్మలకి తను చెప్పలేదని వాడికి తెలుసు, ఎవరు చెప్పి ఉంటారో కూడా తెలుసు. దాచుకోవడానికి చేతిలో పేపరు లేదు పాపం. గొంతు సవరించుకుని, నాకు తెలిసి నిర్మలతో మొదటిసారి పూర్తి వాక్యం ఒకటి మాట్లాడాడు.

"చక్కెర సరిగ్గా ఉండాదా?"

"ఉండాది," అంది నిర్మల, అచ్చం మా అమ్మ అన్నట్టు.

ఒంగోలు పిల్ల నోట మా యలహంక మాట విని నాకు పట్టరాని సంతోషం వేసింది. ఎగిరి గంతేయాలనిపించింది. ఇంటికెళ్ళి అమ్మకి ఈ సంగతి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలా, బకెట్ దగ్గర్నుంచా జామకాయల దగ్గర్నుంచా అని ఆలోచిస్తూ కాఫీ ముట్టుకోవడమే మర్చిపోయాను. అది చల్లారిపోతోందని చెప్పి అన్న నా గ్లాసు ఎత్తి నిర్మల గ్లాసులో పోశాడు. ఆ పొద్దున నాకు కాఫీ లేదు.